తగ్గిందా, తగ్గించారా? చిన్నపిల్లల నత్తి వెనకున్న లెక్కలు

మూడో ఏడు నడుస్తున్న పాప. మొన్నటిదాకా గలగలా మాట్లాడింది. ఒక ఉదయం లేచి "నా నా నా నా నాకు నీళ్లు" అంది. ఇంట్లోవాళ్లు మొదట ఆటలే అనుకున్నారు. సాయంత్రానికీ అదే వరస. రెండు రోజుల తర్వాత "అమ్మా" అనబోయి, నోరు తెరిచి, మాట రాక, కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక సలహాలు మొదలు. "ఈ వయసులో మామూలే, దానంతటదే పోతుంది" అని ఒకరు. "ఇప్పుడే చూపించకపోతే జీవితాంతం ఉండిపోతుంది" అని ఇంకొకరు. "మా వాడికీ ఇలాగే వస్తే ఫలానా పని చేశాం, రెండు నెలల్లో పోయింది" అని మరొకరు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరు చూసింది వాళ్లు చెబుతున్నారు. చిన్నపిల్లల నత్తికి ఒక విచిత్ర లక్షణం ఉంది: ఎక్కువమందిలో అది ఏమీ చేయకపోయినా పోతుంది. అందువల్ల ఏ పని చేసినా ఫలించినట్టే కనిపిస్తుంది, ఏమీ చేయకపోవడం కూడా ఫలించినట్టే కనిపిస్తుంది. తగ్గడానికీ తగ్గించడానికీ మధ్య తేడా పట్టుకోవడం ఎంత కష్టమో తెలిస్తే గానీ, ఈ విషయంలో డాక్టర్లు, మాట సరిచేసే స్పీచ్ థెరపిస్టులు కూడా ఎందుకు ఒక్క మాట మీద ఉండరో అర్థం కాదు.

నత్తి అనే ఒక్క మాటకు మూడు అర్థాలు

మనం నత్తి అనే మాటను చాలా వదులుగా వాడతాం. "రాముడు" అనలేక "లాముడు" అనే పిల్లవాడికి నత్తి అంటాం. మాట ముద్దముద్దగా, నంగినంగిగా వచ్చేవాడికీ నత్తే అంటాం. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడికీ అదే మాట. మొదటి రెండూ ఉచ్చారణ సమస్యలు. వాటి కారణాలు వేరు, చికిత్స వేరు. ఈ వ్యాసం మూడోదాని గురించి. ఏం చెప్పాలో పిల్లకి తెలుసు, ఎలా పలకాలో కూడా తెలుసు, అయినా మాట సాఫీగా బయటికి రాదు.

అది మూడు రూపాల్లో ఉంటుంది. ఒకటి, అక్షరమో చిన్న మాటో పదేపదే రావడం: "తా తా తా తాతయ్యా". రెండు, శబ్దం సాగిపోవడం: "స్స్స్స్సైకిల్". మూడు, పూర్తిగా బిగుసుకుపోవడం. పెదాలు "బ" ఆకారంలోకి వస్తాయి గానీ శబ్దం రాదు, రెండు మూడు క్షణాల తర్వాత "బంతి" అన్న మాట ఒక్కసారిగా బయటపడుతుంది. చూసేవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఈ మూడోదే.

దీన్ని ఆ వయసు పిల్లలందరిలోనూ ఉండే మామూలు తడబాటుతో పోల్చి చూడాలి. "నేను... నేను మరి... నాన్నతో, కాదు, అమ్మతో వెళ్తా" అనే పిల్లవాడు వాక్యాన్ని అప్పటికప్పుడు కట్టుకుంటున్నాడు. ఇటుక పెట్టి, తీసి, ఇంకోటి పెడుతున్నాడు. ఆ ఆగడాలు మాటకీ మాటకీ మధ్య వస్తాయి. నత్తిలో మాటే మధ్యలో విరుగుతుంది. పైగా తడబాటులో మొహం ప్రశాంతంగా ఉంటుంది. నత్తి ముదిరే కొద్దీ రెప్పలు కొట్టుకోవడం, తల విదిలించడం, కాలు నేలకేసి తట్టడం, గొంతు పైకి లేవడం లాంటివి తోడవుతాయి. కొందరు పిల్లలు కష్టమైన మాటను తప్పించి వేరే మాట వాడటం కూడా చిన్నప్పుడే నేర్చేసుకుంటారు. "కుక్క" అనబోయి, ఆగి, "భౌభౌ" అంటారు. విన్నవాళ్లు ముద్దుగా ఉందనుకుంటారు.

అక్షరాలు లెక్కపెడితే

నత్తి తీవ్రతను కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడే పద్ధతి, పలికిన ప్రతి 100 అక్షరాల్లో ఎన్నింటి దగ్గర మాట తట్టుకుందో లెక్కపెట్టడం. ఈ లెక్క మన భాషలో తేలిక, ఎందుకంటే రాసే అక్షరం, పలికే అక్షరం దాదాపు ఒకటే.

"మా తాతయ్య నాకు పెద్ద బంతి కొన్నాడు." ఇందులో 13 అక్షరాలున్నాయి. పిల్లవాడు దీన్ని "మా తా తా తాతయ్య నాకు పెద్ద బ్...బంతి కొన్నాడు" అన్నాడనుకుందాం. "తా" మూడుసార్లు వచ్చినా తట్టుకున్న చోటు ఒకటే కాబట్టి ఒకటిగానే లెక్కిస్తారు. "బం" దగ్గర ఇంకొకటి. 13కి 2, అంటే నూటికి దాదాపు 15. ఒక్క వాక్యంతో ఏమీ తేలదు కాబట్టి, నిజంగా కొలిచేటప్పుడు వందల అక్షరాల సంభాషణ తీసుకుంటారు. 300 అక్షరాల్లో 9 చోట్ల తట్టుకుంటే నూటికి 3. మామూలు తడబాటుకూ నత్తికీ మధ్య గీత గీయాల్సి వచ్చినప్పుడు చాలా పరిశోధనల్లో ఈ 3 అన్న అంకెనే వాడారు.

అయితే ఈ అంకెను ఎక్కువగా నమ్మకూడదు. నత్తి ఒక్క తీరుగా ఉండదు. అదే పిల్లవాడు పొద్దున 1, సాయంత్రం అలసిపోయాక 9. అమ్మానాన్నలకు అనుభవమే: వారం రోజులు ఇంట్లో నరకం చూపించి, థెరపిస్టు ముందు కూర్చోగానే ధారాళంగా మాట్లాడేస్తారు. అందుకే ఇంట్లో చేసిన రికార్డింగులు అడుగుతారు. ఇంకో లోపం, ఈ లెక్కలో అర క్షణం తట్టుకోవడానికీ ఐదు క్షణాలు బిగుసుకుపోవడానికీ ఒకే విలువ.

ఎవరికి, ఎప్పుడు

నత్తి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఎహుద్ యైరీ, నికొలిన్ ఆంబ్రోజ్ ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించినప్పుడు మొదలయ్యే సగటు వయసు 33 నెలల దగ్గర తేలింది. అంటే రెండు మాటలు కలపడం దాటి వాక్యాలు కట్టడం మొదలుపెట్టే దశ. చాలామందిలో ఇది మెల్లగా రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లోనే వచ్చిపడుతుంది. అందుకే తల్లిదండ్రులు ఆ వారంలో జరిగినవన్నీ వెతుక్కుంటారు. కింద పడ్డాడు, జడుసుకున్నాడు, చెల్లి పుట్టింది, బడి మారింది. మూడేళ్ల పిల్లల జీవితంలో ప్రతి వారమూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది కాబట్టి, వెతికితే కారణం దొరక్కుండా ఉండదు.

మొదట్లో ఆడ, మగ పిల్లల మధ్య పెద్ద తేడా ఉండదు. ఆడపిల్ల ఒకరుంటే మగపిల్లలు ఇద్దరికి మించరు. పెద్దవాళ్లలో చూస్తే ఒక స్త్రీకి నలుగురు పురుషులు. అమ్మాయిల్లో ఎక్కువమందికి మధ్యలోనే తగ్గిపోతోందని దీనర్థం.

కారణం: ఒళ్లు ఏం చెబుతోంది

ఈ రోజు పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునేది ఇది: నత్తి మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయం, అందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది. మాట్లాడటమంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదాలు క్షణంలో పదో వంతు తేడా లేకుండా కలిసి కదలడం. ఈ కదలికలను వేళకు మొదలుపెట్టించి, ఆపించే మెదడు భాగాలు, వినికిడికీ కదలికకూ మధ్య ఉండే ఎడమవైపు నరాల దారులు నత్తి ఉన్నవాళ్లలో కాస్త భిన్నంగా ఉన్నట్టు స్కానింగుల్లో కనిపించింది. చిన్నపిల్లల్లో కూడా కనిపించింది కాబట్టి, ఏళ్ల తరబడి నత్తిగా మాట్లాడటం వల్లే ఆ మార్పు వచ్చిందని చెప్పడం కష్టం.

జన్యువుల సంగతి 2010లో కొంత తెరుచుకుంది. డెనిస్ డ్రేనా బృందం పాకిస్తాన్‌లో నత్తి తరతరాలుగా వస్తున్న కుటుంబాలను పరిశీలించి, కణాల్లో చెత్త శుద్ధికి సంబంధించిన కొన్ని జన్యువుల్లో మార్పులు కనిపెట్టింది. అవి కొద్దిమందికే వర్తిస్తాయి. 2025లో 10 లక్షలకు పైగా మంది డేటాతో వచ్చిన అధ్యయనం ఏకంగా 57 జన్యు ప్రాంతాలను గుర్తించింది. అంటే "నత్తి జన్యువు" అని ఒకటి లేదు. చిన్న చిన్న ప్రభావాలు చాలా కలిస్తే అవుతుంది. తాళానికి తగ్గట్టు చేతులు తట్టగలిగే సామర్థ్యంతో ముడిపడిన జన్యువొకటి ఆ జాబితాలో ఉండటం నాకు ఆసక్తిగా అనిపించింది. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది పాడేటప్పుడు, పదిమందితో కలిసి ఒక్క గొంతుగా చదివేటప్పుడు తట్టుకోరన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. నాలుక మందం కావడం వల్లో, అతుక్కుని ఉండటం వల్లో రాదు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ నత్తి పోగొడతానని నాలుకలు కోశాడు, అదీ మత్తుమందు లేని రోజుల్లో. రెండు భాషలు వినడం వల్ల నత్తి వస్తుందనడానికీ గట్టి ఆధారం లేదు. రెండు భాషల పిల్లలు మాట కోసం వెతుక్కుంటూ ఎక్కువగా తడబడతారు, దాన్ని నత్తి అని పొరబడటం మాత్రం తరచుగా జరుగుతుంది. టెన్షన్, తొందర, అలసట ఉన్న నత్తిని పెంచుతాయి. లేనివాడికి తెచ్చిపెట్టవు.

తల్లిదండ్రుల తప్పు అన్న సిద్ధాంతం, ఒక అనాథాశ్రమం

20వ శతాబ్దం మధ్యకాలంలో కథ ఇలా లేదు. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన వెండెల్ జాన్సన్, తనకూ నత్తి ఉన్న మనిషి, ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. పిల్లలందరూ తడబడతారు. కంగారుపడే తల్లిదండ్రులు దానికి నత్తి అని పేరుపెట్టి, సరిదిద్దబోయి, ఆ భయంతో నిజమైన నత్తిని పుట్టిస్తారు. అంటే జబ్బు పిల్లవాడి నోట్లో లేదు, పెద్దవాళ్ల చెవిలో ఉంది.

దీన్ని పరీక్షించడానికి 1939లో ఆయన విద్యార్థిని మేరీ ట్యూడర్ డావెన్‌పోర్ట్‌లోని ఒక అనాథాశ్రమానికి వెళ్లింది. 22 మంది పిల్లల్ని ఎంచుకుంది. వాళ్లలో బాగానే మాట్లాడే ఒక ఆరుగురిని వేరుచేసింది. వాళ్లతో "నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా చెప్పగలిగితే తప్ప నోరు తెరవకు" అనే ధోరణిలో నెలల తరబడి చెప్పింది. ఆ పిల్లలు ముడుచుకుపోయారు, మాట్లాడటం తగ్గించేశారు, తమ మాటను తామే అనుమానించారు. ఈ ప్రయోగం అచ్చుకాలేదు, లైబ్రరీలో థీసిస్‌గా ఉండిపోయింది. 2001లో ఒక పత్రిక బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. అప్పటికి ఆ ఆరుగురిలో కొందరు చనిపోయారు.

ఈ ఘోరం గురించి రాసేటప్పుడు చాలామంది ఒక సంగతి వదిలేస్తారు. ఆ థీసిస్‌లోని అంకెలను 2002లో ఆంబ్రోజ్, యైరీ మళ్లీ లెక్కించి చూస్తే, ఆ పిల్లలకు నిజంగా నత్తి వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. మాట అంటే భయం పుట్టింది. నత్తి పుట్టలేదు. జాన్సన్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి చేసిన ప్రయోగమే దాన్ని బలపరచలేదన్నమాట. అయినా ఆ సిద్ధాంతం దశాబ్దాలు ఏలింది. "పిల్లవాడి ముందు దాని మాటే ఎత్తకండి" అన్న సలహా అక్కడినుంచి వచ్చిందే. చిన్నపిల్లలకు నేరుగా చికిత్స చేయడానికే జంకారు.

ఆ జంకు వదిలించిన వాటిలో ఒకటి, 1972లో అచ్చయిన ఒక బుల్లి ప్రయోగం. ఇద్దరు చిన్నపిల్లలు ఒక మాట్లాడే బొమ్మతో కబుర్లు చెప్పారు. పిల్ల నత్తిగా అన్నప్పుడల్లా బొమ్మ మీద లైటు ఆరిపోయి, పది క్షణాలు మౌనం. కొన్నాళ్లకు నత్తి బాగా తగ్గింది, పిల్లలు ఏమీ బెదరలేదు. ఇద్దరే పిల్లలు కాబట్టి అదేమీ రుజువు కాదు. కానీ "మాట ఎత్తితే ముదురుతుంది" అన్న నమ్మకానికి బీట పడింది.

వెయ్యి మంది పిల్లల లెక్క

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పెద్దవాళ్లలో నత్తి ఉన్నవాళ్లు దాదాపు నూటికి ఒకరు. చిన్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు నత్తి వచ్చినవాళ్లు ఎందరు? పాత అంచనా నూటికి 5. మెల్‌బోర్న్‌లో 1,600 మందికి పైగా పిల్లల్ని ఎనిమిది నెలల వయసు నుంచి వెంబడించిన అధ్యయనం 2013లో ఇచ్చిన అంకె అంతకు రెట్టింపు: నాలుగేళ్లు వచ్చేసరికి నూటికి 11.2.

వెయ్యి మందిని తీసుకుందాం. పాత అంచనా ప్రకారం 50 మందికి వస్తుంది, చివరికి 10 మందికి మిగులుతుంది. 40 మందికి పోయింది, అంటే నూటికి 80. మెల్‌బోర్న్ అంకెతో చూస్తే దాదాపు 110 మందికి వస్తుంది, మిగిలేది అదే 10 మందికి. పోయినవాళ్లు నూటికి 91. లేశమాత్రంగా నెల రోజులు ఉండి పోయినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ శాతం పెరుగుతుంది, గట్టిగా ఉన్నదాన్నే లెక్కిస్తే తగ్గుతుంది. ఎలా చూసినా నలుగురిలో ముగ్గురికి తక్కువ కాకుండా పోతుంది.

ఇంతవరకు వింటే "ఆగండి" అన్నవాళ్లదే సరైన మాట అనిపిస్తుంది. కానీ అదే మెల్‌బోర్న్ అధ్యయనంలో, మొదలైన 12 నెలల్లోపు పూర్తిగా పోయింది నూటికి 6.3 మందికే. రెండూ నిజమే. పోవడమైతే పోతుంది గానీ చాలామందిలో రెండేళ్లు, మూడేళ్లు, కొందరిలో ఇంకా ఎక్కువ పడుతుంది. "ఈ నెలలో పోతుందిలే" అనుకోవడానికీ "కొన్నేళ్లలో పోవచ్చు" అనుకోవడానికీ ఇంట్లో చాలా తేడా ఉంటుంది.

దీనికి ఇంకో మెలిక తోడు. నత్తి కెరటంలా వస్తుంది, పోతుంది. మూడు వారాలు ఘోరంగా ఉంటుంది, తర్వాత రెండు వారాలు మాయం. తల్లిదండ్రులు ఎప్పుడు బెంగపడి ఏదో ఒకటి మొదలుపెడతారు? కెరటం ఎత్తులో ఉన్నప్పుడు. అక్కడినుంచి అది దిగాల్సిందే. ఆ వారం మందు వేసినా, బడి మార్చినా, కొత్త థెరపిస్టును కలిసినా, తగ్గడం మాత్రం కళ్లకు కనిపిస్తుంది. మొదట్లో "ఫలానా పని చేశాం, రెండు నెలల్లో పోయింది" అన్నవారి అనుభవం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ పని వల్లే పోయిందన్నది మాత్రం దానితో రుజువు కాదు.

చికిత్స గదిలో జరిగేది

చిన్నపిల్లల చికిత్సల్లో ఎక్కువగా పరీక్షకు నిలబెట్టింది లిడ్‌కోంబ్ పద్ధతి. సిడ్నీలోని ఒక పేట పేరది. 1980ల్లో మార్క్ ఆన్స్‌లో, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. చికిత్స చేసేది థెరపిస్టు కాదు, అమ్మో నాన్నో. వారానికోసారి క్లినిక్‌కు వెళ్లి నేర్చుకుంటారు. ఇంట్లో రోజూ పది పదిహేను నిమిషాలు ఆటలో కూర్చుని, పిల్లవాడికి తేలికగా ఉండే మాటలు అల్లుతారు. సాఫీగా వచ్చినప్పుడు "అబ్బ, ఎంత సాఫీగా చెప్పావో!" అంటారు. అప్పుడప్పుడు "ఇప్పుడు చెప్పింది సాఫీగా వచ్చిందా?" అని అడుగుతారు. ఎప్పుడో ఒకసారి, పిల్లవాడు హుషారుగా ఉన్నప్పుడు మాత్రమే, "అక్కడ కాస్త తట్టుకుంది కదా, మళ్లీ చెప్తావా?" అంటారు. మెచ్చుకోళ్లు చాలా ఎక్కువ, తట్టుకోవడాన్ని ఎత్తి చూపడం చాలా తక్కువ. రోజు చివర 0 నుంచి 9 వరకు ఒక అంకె వేస్తారు. 0 అంటే నత్తి లేదు. వారాల తరబడి ఆ అంకెలు 0, 1 దగ్గర నిలిచాక, క్లినిక్‌కు వెళ్లే వ్యవధి పెంచుకుంటూ పోతారు.

రెండో దారి ఇందుకు దాదాపు వ్యతిరేకం. దీన్ని బరువు, బలం లెక్క అనుకోవచ్చు. పిల్లవాడి నోటికి, మెదడుకు ప్రస్తుతం ఉన్న బలం కంటే చుట్టూ ఉన్న తొందర, ప్రశ్నల వరస, పెద్దవాళ్ల వేగం ఎక్కువ బరువు మోపుతున్నాయని, ఆ బరువు దించితే మాట కుదురుకుంటుందని దీని ఆలోచన. నత్తిని నేరుగా ముట్టుకోరు. పెద్దవాళ్లే తమ మాట నెమ్మదిస్తారు, జవాబు చెప్పేముందు ఆగుతారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే అలవాటు చేస్తారు. లండన్‌లోని మైకేల్ పేలిన్ సెంటర్ పద్ధతిలోనైతే తల్లిదండ్రులు పిల్లవాడితో ఆడుతున్న వీడియో తీసి, అందులో ఇప్పటికే మంచిగా చేస్తున్నవేమిటో వాళ్లచేతే చెప్పిస్తారు. అక్షరానికి అక్షరం సమానంగా, తాళం వేసినట్టు పలికించే పద్ధతి ఇంకొకటి ఉంది.

"నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో" అని పిల్లవాడికి చెప్పడం వీటిలో ఏ పద్ధతిలోనూ ప్రధానం కాదు. మనమందరం మొదట అనేది అదే మరి. మందుల విషయానికొస్తే, నత్తి కోసమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు.

పరీక్షలు ఏం తేల్చాయి

తగ్గడాన్ని, తగ్గించడాన్ని విడదీయాలంటే ఒక్కటే దారి. పిల్లల్ని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఆ చికిత్స ఇచ్చి, ఇద్దరినీ పోల్చడం. లిడ్‌కోంబ్‌ను అలా పరీక్షించిన ఫలితాలు 2005లో వచ్చాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 54 మంది. మొదట్లో రెండు గుంపుల్లోనూ నత్తి నూటికి 6, 7 అక్షరాల మధ్య ఉంది. తొమ్మిది నెలల తర్వాత లిడ్‌కోంబ్ గుంపులో అది 1.5కి దిగింది. రెండో గుంపులో 3.9.

ఆ రెండో అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ పిల్లలు లిడ్‌కోంబ్ తీసుకోలేదు. కావాలంటే వేరే చికిత్స తీసుకోవచ్చు, అంతే. అయినా వాళ్ల నత్తి కూడా బాగానే దిగింది. పోల్చడానికి రెండో గుంపే లేకపోతే, ఆ దిగుడంతా చికిత్స ఖాతాలో పడేది. రెండింటి మధ్య ఉన్న 2.4 తేడానే చికిత్సకు దక్కే వాటా. ఇంకోలా చూస్తే, నత్తి నూటికి 1 కంటే తక్కువకు చేరినవాళ్లు లిడ్‌కోంబ్ గుంపులో 52 శాతం, రెండోదాంట్లో 15 శాతం.

2015లో నెదర్లాండ్స్ నుంచి పెద్ద పరీక్ష వచ్చింది. 199 మంది పిల్లలు, ఒక గుంపుకి లిడ్‌కోంబ్, ఇంకో గుంపుకి బరువు దించే పద్ధతి. 18 నెలల తర్వాత నత్తి పోయినవాళ్లు మొదటిదాంట్లో 76.5 శాతం, రెండోదాంట్లో 71.4. చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్ని రెండు రకాలుగా చదివారు. రెండూ బాగా పనిచేస్తాయి, ఏది నచ్చితే అది ఎంచుకోవచ్చు అని కొందరు. చికిత్స లేని గుంపే లేదు కదా, ఈ డెబ్బై చిల్లర శాతంలో సహజంగా పోయిందెంతో ఎలా తెలుస్తుంది అని మరికొందరు. రెండో ప్రశ్న న్యాయమైనదే అని నాకనిపిస్తుంది. అయితే చికిత్స అవసరమున్న పిల్లల్ని 18 నెలలు ఊరికే కూర్చోబెట్టడం న్యాయమా అన్న ఎదురు ప్రశ్నా చిన్నదేం కాదు. 2021లో, చికిత్సల మీద జరిగిన పరీక్షలను కూడబెట్టి తూచే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష ఆరేళ్లలోపు పిల్లల మీద జరిగిన పరీక్షలన్నీ జల్లెడ పడితే దాని కొలతలకు నిలిచినవి నాలుగే, మొత్తం పిల్లలు 151 మంది. ఆగడం కంటే లిడ్‌కోంబ్ మేలని తేల్చింది, కానీ ఆధారాల బలం చాలా తక్కువని కూడా రాసింది.

ఆగడమా, మొదలుపెట్టడమా

ఆగవచ్చు అనేవాళ్ల వాదన: ఎక్కువమందికి పోతుంది, చికిత్సకు నెలల తరబడి సమయం, ఖర్చు అవుతాయి, నాలుగైదేళ్లలోపు ఏడాది ఆలస్యమైతే ఫలితం పాడవుతుందని గట్టి ఆధారం లేదు. వెంటనే మొదలుపెట్టాలి అనేవాళ్ల వాదన: ఎవరికి పోతుందో ముందుగా చెప్పలేం, బడి వయసు దాటాక పూర్తిగా పోవడం బాగా కష్టమవుతుంది, మూడేళ్ల పిల్లల్లోనే కొందరికి తమ మాటలో తేడా తెలుస్తుంది, తోటి పిల్లలకూ తెలుస్తుంది.

ఇద్దరి మధ్యలో "గమనిస్తూ ఆగడం" అనే దారి ఉంది. మిగిలిపోయే అవకాశాన్ని పెంచేవి ఏమిటో కొంతవరకు తెలుసు. మగపిల్లవాడు కావడం, కుటుంబంలో పెద్దయ్యాకా నత్తి మిగిలినవాళ్లు ఉండటం, కాస్త ఆలస్యంగా, అంటే మూడున్నర దాటాక మొదలవడం, ఉచ్చారణ లేదా భాష వయసుకు తగ్గట్టు లేకపోవడం, మొదలై ఏడాది దాటినా తగ్గు దిశలో లేకపోవడం.

రెండేళ్ల ఐదు నెలల పాప, మొదలై మూడు నెలలు, ఇంట్లో ఇంకెవరికీ లేదు, తట్టుకున్నా పట్టించుకోకుండా కబుర్లు సాగిస్తోంది. నాలుగేళ్ల రెండు నెలల బాబు, మొదలై 13 నెలలు, మేనమామకు ఇప్పటికీ నత్తి ఉంది, ఈమధ్య "నాకు మాట రావట్లేదు" అని ఏడుస్తున్నాడు. మొదటి పాప విషయంలో వారాంతాల్లో అంకె వేసుకుంటూ కొన్ని నెలలు చూద్దామనే థెరపిస్టులు చాలామంది ఉంటారు. రెండో బాబు విషయంలో అలా అనేవాళ్లు తక్కువ. వీటిలో ఏ ఒక్క గుర్తూ జాతకం కాదు. అన్ని గుర్తులూ ఉన్నవాడికి పోవచ్చు, ఒక్కటీ లేనివాడికి మిగలవచ్చు. ఆ బాబు ఏడుపు మాత్రం లెక్కలతో పనిలేకుండానే ఒక కారణం. మిగిలిపోయే అవకాశం తక్కువైనా, ఇప్పుడు బాధపడుతున్నది నిజమే కదా.

సాఫీ మాటే గమ్యమా

నత్తి ఉన్న పెద్దవాళ్లలో కొందరు ఈ చర్చ మొత్తాన్నే ప్రశ్నిస్తున్నారు. చిన్నప్పుడంతా "సాఫీగా" అన్న ఒక్క కొలతతోనే తమను తూచారని, తట్టుకునే మాట తప్పు మాట అని నేర్పారని, ఆ సిగ్గే నత్తి కంటే ఎక్కువ నష్టం చేసిందని వాళ్ల మాట. చికిత్స చేసేవాళ్లు దీనికిచ్చే జవాబు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య సంగతి వేరు అని. ఆ వయసులో నత్తి పూర్తిగా పోయే కిటికీ తెరిచి ఉంటుంది. పదేళ్ల పిల్లవాడి విషయంలో వాళ్లూ లక్ష్యం మార్చుకుంటారు. ఈ రెండు మాటలూ పూర్తిగా ఎదురెదురుగా లేవు. మెచ్చుకోలు మితిమీరి పరీక్షలా మారితే మూడేళ్ల పిల్లకి కూడా ఆ సిగ్గు అంటుతుందని లిడ్‌కోంబ్ వాళ్లే హెచ్చరిస్తారు.

ఈ వాదన అక్షరాల లెక్క దగ్గర చక్కగా కనిపిస్తుంది. ఇద్దరు ఐదేళ్ల పిల్లలు. ఒకడు "స్స్స్సైకిల్ కావాలి" అని అందరి ముందూ అడుగుతాడు. లెక్కలో వాడికి నూటికి 6. రెండోవాడు "సైకిల్" అన్న మాట దగ్గర దొరికిపోతానని తెలిసి "అది... రెండు చక్రాలది" అంటాడు, లేదంటే అడగడమే మానేస్తాడు. వాడికి నూటికి 0. ఈ రెండోవాడిని పట్టుకోవడానికి అక్షరాల లెక్క పనికిరాదు. అందుకని మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని నేరుగా అడగడానికి 12 ప్రశ్నల జాబితా ఒకటి తయారైంది. అవును, కాదు అంటే చాలు. మాట్లాడటం నీకు కష్టంగా ఉంటుందా, నువ్వు మాట్లాడితే ఇతరులకు నచ్చుతుందా, ఆ ధోరణి ప్రశ్నలు. నత్తి ఉన్న పిల్లల జవాబులు ఆ వయసుకే తోటివాళ్ల జవాబుల కంటే నిరాశగా వచ్చాయి.